బ్రేకు ఇన్‌స్పెక్టరు

మోటారు వాహనాల చట్టాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసినా బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే ఉద్యోగి ఎక్కడా కనిపించడు. ఆయన సర్కారీ పేరు మోటారు వెహికిల్స్ ఇన్‌స్పెక్టరు. కానీ మా వేంపల్లె బస్టాండులో నిలబడి ఆ పేరు చెప్పి చూడండి, ఒక్కడూ తల తిప్పడు. "బ్రేకిన్‌స్పెక్టరు వస్తాండాడంట" అనండి చాలు, పదిమందిని ఎక్కించుకున్న ఆటోలన్నీ క్షణంలో సందుల్లోకి మాయమవుతాయి. తమిళులూ, కన్నడిగులూ కూడా ఆయన్ను ఇదే పేరుతో పిలుస్తారు. మూడు భాషలవాళ్లు ఒక మాట మీద నిలబడటం మన దేశంలో తరచుగా జరిగే పని కాదు.

ఈ పేరెలా వచ్చిందంటే నాకు తోచే కారణం ఒకటే. ఆయన బండికి దీపాలు చూస్తాడు, హారను మోగిస్తాడు, టైర్లు తడుముతాడు, కాగితాలు తిరగేస్తాడు. అవన్నీ దూరంగా నిలబడినవాడికి ఆనవు. ఆనేది ఒక్కటే: బండి జోరుగా వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి కీచుమని ఆగుతుంది. వెనకాల దుమ్ము లేస్తుంది. చూసినవాడు ఇంటికి వెళ్లి చెప్పేది దాని గురించే. చట్టం రాసినవాళ్లకు తట్టని పేరు జనానికి తట్టింది.

ఆ కీచుమన్న చప్పుడు నేను మొదటిసారి దగ్గర్నుంచి విన్నది 1986లో. మా చిన్నాయన బాడుగలకు తిప్పడానికి కొత్త జీపు కొన్నాడు. రెండేళ్ల శెనక్కాయల డబ్బు, చిన్నమ్మ గాజుల మీద తెచ్చిన అప్పు, ఇంకా నాకు తెలియని చోట్ల తెచ్చిన అప్పులు కలిపి కొన్న బండి. మా ఊరికి రైలు లేదు. బస్సు పోని పల్లెలు చుట్టూ బోలెడు. జీపు ఉన్నవాడు ఆ రోజుల్లో చిన్న జమీందారు.

మా వైపు కొత్త బండి వస్తే మొదట పోవలసింది గండికి. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే ఆ ఇరుకు చోట వీరాంజనేయస్వామి గుడి ఉంది. లంక నుంచి తిరిగివస్తూ శ్రీరాముడు బాణపు మొనతో ఆ రాతి మీద ఆంజనేయుడి రూపం గీశాడని స్థలపురాణం. రాముడు వస్తున్నాడని వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. అది ఇప్పటికీ అక్కడే ఉందట. అయితే అందరికీ కనిపించదు, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో దొరకు కనిపించిందని చెప్పుకుంటారు. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు కాబట్టి కథకు సాక్ష్యం కూడా కుదిరింది. ఈ తోరణం మీద మా ఊరి డ్రైవర్లకు ఒక హాస్యం ఉండేది. ఎవడైనా బండి అడ్డదిడ్డంగా నడిపితే, "నిదానంరా, తోరణం కనపడతాది" అనేవాళ్లు.

పూజ ఘనంగా జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, దీపాలకు బంతిపూల దండలు. పసుపూ కుంకుమా బానెట్టు మీదే కాదు, లోపలి ఇనుముకు కూడా దండిగా పట్టించారు. మర్నాడు జీపును రిజిస్ట్రేషనుకు తీసుకుపోయాం. నేను కాగితాల సంచీ మోసే పని మీద వెంట పోయాను.

బ్రేకు ఇన్‌స్పెక్టరు సన్నగా, తెల్లగా, కోస్తా వైపు మాటతో ఉన్నాడు. చిన్నాయనకు ఆయన్ను చూస్తేనే చిరాకు వేసింది.

"ఏం సారూ, మొన్న షోరూములో నుంచి తెచ్చిన బండి. దీనికేం రోగముంటాది?" అన్నాడు.

"రోగం లేదని రాయాలన్నా చూడాలి గదండీ" అన్నాడాయన, వంగి ఛాసీ వెతుకుతూ.

ఛాసీ నంబరు దొరకలేదు. దొరకలేదంటే, పసుపు కింద ఉండిపోయింది. నన్ను పంపి కిరసనాయిలు, గుడ్డపీలిక తెప్పించి, నా చేతనే రుద్దించారు. అంకెలు బయటపడ్డాక వాటి మీద పలచని కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్దితే, నల్లటి మరక మధ్య తెల్లగా ఒక్కో అంకే పైకి తేలింది. శాసనాల మీద తడి కాగితం అద్ది సిరా కొట్టి తీసే అచ్చులు తర్వాత చూసినప్పుడు నాకు ఆ జీపే గుర్తొచ్చింది. మాకు దగ్గరే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, సుమారు 575లో రేనాటి చోళరాజు ధనంజయుడి కాలంలో చెక్కించిన తెలుగు శాసనం ఉంది. రాజు తన మాటను రాతి మీద చెక్కించాడు, కంపెనీవాడు తన మాటను ఇనుము మీద కొట్టించాడు. ఇద్దరి మాటా చదవాలంటే కాగితం పెట్టి రుద్దాల్సిందే. ఈ అచ్చును దరఖాస్తుకు అంటిస్తారు. కాగితంలో రాసిన బండీ, ఎదురుగా ఉన్న బండీ ఒకటేనని తేలేది దాంతోనే.

ఆ తర్వాత ఆయన జీపెక్కి, చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని, మైదానంలో ఒక చుట్టు తిరిగి, చెప్పా పెట్టకుండా బ్రేకు తొక్కాడు. చిన్నాయన తలపాగా ఎగిరి అద్దానికి తగిలింది. కిందికి దిగి, ఆయన మామూలుగా ఒక ప్రశ్న వేశాడు. "వారానికోసారి బ్రేకాయిలు చూసుకుంటారా?" చిన్నాయన, "సూసుకుంటాం సార్" అన్నాడు. అది ఎక్కడ ఉంటుందో ఆ నాటికి ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.

ఈ బ్రేకు కథ మోటారంత పాతది. కార్ల్ బెంజ్ అనే జర్మను ఇంజనీరు మోటారు బండి తయారుచేసి 1886లో హక్కుపత్రం తీసుకున్నాడు. కొనేవాళ్లు మాత్రం రాలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, దాదాపు వంద కిలోమీటర్లు, ఆ బండిలో పుట్టింటికి బయలుదేరింది. దారిలో దిగుడు చోట్ల కొయ్య బ్రేకులు అరిగిపోయాయి. ఆమె ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి, ఆ కొయ్యదిమ్మెలకు తోలుముక్కలు కొట్టించుకుంది. ప్రపంచంలో మొదటి బ్రేకు లైనింగు అదేనంటారు. ప్రపంచంలో మొదటి బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆమే అని నేనంటాను. ఆమెను ఎవరూ పరీక్ష పెట్టలేదు, కాగితం అడగలేదు. దిగుడు ముందుంది, పిల్లలు బండిలో ఉన్నారు, అంతే.

తోలు కాలిపోయేది. దూదిపట్టీలు పెట్టారు, అవీ వేడికి నిలవలేదు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకు లైనింగుల వ్యాపారం మొదలుపెట్టి, 1908లో రాతినారతో, అంటే ఆస్‌బెస్టాస్‌తో, లైనింగు చేశాడు. అది ఎంత వేడెక్కినా మండదు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ప్రపంచంలో బళ్లను ఆపింది రాతినారే.

ఇక్కడ మా ఊరివాడిగా కాస్త గొప్ప చెప్పుకునే అవకాశం వచ్చింది, వదులుకోను. కడప ప్రాంతపు రాళ్లను పరిశీలించిన విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో అచ్చయిన తన గ్రంథంలో ఇక్కడి ఒక రాతి వరసకు మా ఊరి పేరే పెట్టాడు. ఈనాటికీ భూగర్భశాస్త్రంలో దాని పేరు వేంపల్లె శిలలే. దాన్ని కలుపుకున్న పెద్ద వరసకు పాపాఘ్ని పేరు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె వైపు తవ్విన తెల్లటి రాతినార దొరికింది ఈ వేంపల్లె శిలల్లోనే. తుమ్మలపల్లె యురేనియం కూడా వీటిలోదే. బళ్లను ఆపే నార మా కాళ్ల కింద ఉంది, మాకేమో బ్రేకాయిలు ఎక్కడుంటుందో తెలియదు. ఆ నార ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని తేలాక చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. దాని బదులు ఇప్పుడు వేరే సరుకులు వచ్చాయి.

చట్టాల సంగతికి వస్తే, దేశమంతటికీ కలిపి మొదటి మోటారు చట్టం 1914లో వచ్చింది. బండికి నంబరు, నడిపేవాడికి లైసెన్సు, అంతవరకే దాని ధ్యాస. తర్వాత ఇరవై ఏళ్లలో బస్సులు రైళ్ల పక్కనే పరుగెత్తి వాటి ప్రయాణికుల్ని లాక్కున్నాయి. రైల్వేలకు నష్టం వచ్చింది. దీని మీద 1933లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారుల నివేదిక వెలువడింది. 1939 చట్టానికి వెనక ఉన్న కారణాల్లో రైళ్ల రక్షణ ఒకటి. అదే చట్టంలోని 38వ సెక్షను, బాడుగకు తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండాలంది. ప్రయాణికుడి ప్రాణానికి పూచీ రైలు ఆదాయపు చెయ్యి పట్టుకుని వచ్చిందన్నమాట. ఎలా వచ్చినా రావడం మేలే. యుద్ధకాలంలో పెట్రోలు రేషనై, బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించుకుని తిరిగినప్పుడు కూడా ఆ చట్టమే అమలులో ఉంది.

ఇంగ్లండువాళ్లకు మాత్రం సొంత కార్ల గురించి చాలా ఆలస్యంగా తెలివొచ్చింది. 1960 సెప్టెంబరులో, పదేళ్లు దాటిన కార్లకు బ్రేకులు, దీపాలు, స్టీరింగు పరీక్ష పెట్టారు. తప్పిన కార్ల సంఖ్య చూసి గుండె బేజారై, మరుసటి ఏడే పదేళ్లను ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు దించారు. ఆ పరీక్ష పెట్టిన రవాణా మంత్రిత్వశాఖ పేరు 1970లో మారిపోయింది. జనం మాత్రం ఈనాటికీ దాని పొడి అక్షరాలతోనే ఆ పరీక్షను 'ఎం.ఓ.టి.' అంటారు. మన బ్రేకు ఇన్‌స్పెక్టరు లాంటిదే.

మనకు 1939 చట్టం పోయి, 1988లో చేసిన చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. జిల్లాకొక అంకె వచ్చి, కడప బళ్లకు ఏపీ 04 అయింది. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు, ఆపైన మళ్లీ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బాడుగ బండికి ఫిట్‌నెస్ సెక్షను 38 నుంచి 56కు మారింది. కొత్త బండికి మొదట రెండేళ్లు, తర్వాత ఏటేటా. ఎఫ్.సి. అన్న రెండక్షరాలు మాత్రం జనం నోట అలాగే మిగిలాయి.

ఈ ఏటేటా వచ్చే ఎఫ్.సి. చుట్టూ ఒక లోకం తయారైంది. ఎఫ్.సి. వారం అంటే బండికి పెళ్లివారం. రంగు వేస్తారు, పగిలిన దీపం మారుస్తారు, ఎన్నడూ తుడవని నంబరు ప్లేటు తళతళలాడుతుంది. అరిగిన టైర్లున్నవాడు మంచి టైర్లున్నవాడి కాళ్లు పట్టుకుంటాడు. ఎరువు టైర్లు వేసుకుని పోయి, సాయంత్రానికి ఎవరివి వారికి ఇచ్చేస్తారు. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత టైర్లకు వర్తిస్తుందని ఎవరికీ తోచలేదు.

1991 ఏప్రిల్లో మా చిన్నాయన జీపుకు ఎఫ్.సి. వచ్చింది. ఎరువు టైర్లు మా మేనమామ బండివి. జాకీ పెట్టి బోల్టులు విప్పింది నేను. వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడిగా ఉండటం చూసింది కూడా నేనే. బ్రేకాయిలు కారుతోంది. చిన్నాయనకు చూపించాను.

"కారితే పోస్తాం లేరా" అన్నాడు. నేనూ సరేనన్నాను. డబ్బాలో ఉన్నదంతా పోశాం, పెడలు నాలుగుసార్లు తొక్కి గట్టిపరిచాం. ఆ పూట పరీక్షలో బండి గీత గీసినట్టు ఆగింది. చూసినవాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు తొక్కినప్పుడు బ్రేకు పడింది, పడిందని రాశారు. సాయంత్రం టైర్లు మేనమామకు ఇచ్చేశాం. కాగితం ప్లాస్టిక్కు సంచిలో చిన్నాయన జేబులోకి చేరింది. అప్పటినుంచి పెడలు మెత్తబడినప్పుడల్లా ఆయిలు పోయడమే, చక్రం విప్పింది లేదు.

ఆ ఏడాది శ్రావణ శనివారం. గండికి జనం విరగబడే రోజు. చీకటి పడ్డాక చిన్నాయన పద్నాలుగు మందిని ఎక్కించుకుని తిరిగి వస్తున్నాడు. దిగుడులో బ్రేకు తొక్కితే పెడలు నేలకు ఆనుకుపోయింది. మళ్లీ తొక్కినా అంతే. పెడలు తొక్కితే ఆయిలు ఒత్తిడి చక్రాల దాకా పోవాలి. పోవలసిన ఆయిలు దారిలోనే కారిపోయింది. హ్యాండుబ్రేకు లాగాడు, గేరు తగ్గించాడు. ఎదురుగా కాలినడకన వచ్చే జనం. వాళ్ల మీదికి పోకుండా పక్కన చేలోకి తిప్పేశాడు. గట్టుకు తగిలి ఆగింది. ఒక ముసలామె చెయ్యి విరిగింది. మిగిలినవాళ్లకు దెబ్బలు, గీరుకుపోవడాలు. చిన్నాయన కుడి మోకాలు స్టీరింగు కింద నలిగిపోయింది.

నేను పోయేసరికి గట్టు మీద కూర్చోబెట్టి ఉన్నారు. నన్ను చూసి జేబు తడుముకున్నాడు. "ఎఫ్.సి. ఉండాదిరా. ఇంగా ఎనిమిది నెలలుండాది" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. తడి చక్రాన్ని చూసిన వేళ్లు నావి కాబట్టి ఆ మాట నాకు గుచ్చుకున్నట్టు మరొకరికి గుచ్చుకుని ఉండదు. ముసలామె చెయ్యి అతికించడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఖర్చు చిన్నాయన పెట్టుకున్నాడు. జీపు అమ్మేసి పెట్టుకున్నాడు. ఆయన నడకలో కుంటు అలాగే ఉండిపోయింది. చాలా రోజుల తర్వాత నవ్వుతూ, "తోరణం కనపడలేదు, అందుకే బతికినాం" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత చట్టం ఇంకా మారింది. 2018లో, ఎనిమిదేళ్ల లోపు బాడుగ బళ్లకు ఎఫ్.సి. రెండేళ్లకోసారి చాలన్నారు. మనిషి చెయ్యీ కన్నూ లేకుండా యంత్రాలే బ్రేకులు కొలిచే కేంద్రాలకు 2021లో కేంద్రం నిబంధనలు చేసింది. చక్రాలను రోలర్ల మీద తిప్పి, ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో అంకెల్లో చూపిస్తాయవి. ఎడమ చక్రం ఒకటి మొరాయిస్తే దొరికిపోతుంది. ఇది మంచి మార్పు, నాకు ఏ సందేహమూ లేదు. ఇంకొకటి 2019 సవరణ. అది 2021లో అమలుకు వచ్చింది. డీలరు అమ్మిన కొత్త బండిని మొదటి రిజిస్ట్రేషనుకు అధికారి ఎదుటికి తేనక్కరలేదు. ఛాసీ కొని బాడీ కట్టించుకునే లారీల సంగతి వేరు. కంపెనీ ఇచ్చే ఫారం 22, అంటే బండి రోడ్డుకు తగినదన్న పత్రం, దాని మాటే చాలు. కిరసనాయిలు లేదు, పెన్సిలు లేదు. తలపాగాలు ఎగరవు. కంపెనీలో ఎన్నో పరీక్షలు దాటి వచ్చిన బండిని మైదానంలో ఒక చుట్టు తిప్పి కనిపెట్టేదేమిటి అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చిన్నాయన 1986లో అడిగిందీ అదే.

2023లో చిన్నాయన మనవడు కొత్త కారు కొన్నాడు. నంబరు ఏపీ 39. అప్పటికి రాష్ట్రమంతటికీ ఒకే అంకె అయిపోయింది. ఇంటి ముందు ఆపి, గండికి పోదాం రండని అందర్నీ పిలిచాడు. చిన్నాయన కర్ర పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బ్రేకాయిలు యాడ పోస్తార్రా దీనికి?"

"అదంతా సర్వీసింగులో చూసుకుంటారు జేజినాయనా. దీనికి ఏబీఎస్ ఉంది. ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోవు."

"అది సరే. నువ్వు తొక్కి సూసినావా?"

వాడు నా వైపు చూశాడు. నేను బానెట్టు తెరిపించి, ఆయిలు డబ్బా ఎక్కడుందో, దాని మీద రెండు గీతలు ఎందుకున్నాయో చూపించాను. పై గీతకూ కింది గీతకూ మధ్య ఆయిలు ఉండాలని, తగ్గుతూ ఉంటే పోసి ఊరుకోకుండా ఎక్కడ కారుతోందో వెతకాలని చెప్పాను. జోరు రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుందన్న లెక్క వాడికి కాలేజీలోనే వచ్చు. అది రోడ్డు మీద ఎంత పొడుగుంటుందో చూసి ఉండడు.

చిన్నాయన ముందు సీటులో కూర్చుని, బెల్టు పెట్టించుకుని, స్కూలు మైదానానికి పోనివ్వమన్నాడు. ఆదివారం, ఎవరూ లేరు. నేను వెనక కూర్చున్నాను.

"నలబై మీద రా" అన్నాడు. వచ్చాడు.

"ఇప్పుడు తొక్కు!"

కారు ఆగింది. ముందు అద్దం దగ్గర పెట్టిన నిమ్మకాయ దొర్లి ఆయన కాళ్ల దగ్గర పడింది. వంగి దాన్ని తీసుకుని, పంచెకు తుడిచి, మళ్లీ ఉన్నచోట పెట్టాడు.

"ఇంగ గండికి పోదాం పద" అన్నాడు.